లిస్బన్ నుంచి హెల్సింకీకి ఎంత దూరం? - గెరార్డస్ మెర్కేటర్ జీవితం

ఈ నెల వ్యాసం చదివే ముందు ఒక చిన్న పని చేయండి. మీ పిల్లల గదిలో గోడకు ప్రపంచ పటం ఉంటే, వాళ్ళ జామెట్రీ బాక్సులోని స్కేలు తీసుకుని దాని ముందు నిలబడండి. యూరప్‌కు నైరుతి మూలన, అట్లాంటిక్ ఒడ్డున పోర్చుగల్ రాజధాని లిస్బన్ కనిపిస్తుంది. ఈశాన్యం వైపు, బాల్టిక్ సముద్రం ఒడ్డున ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీ ఉంటుంది. రెండింటి మధ్య సెంటీమీటర్లు కొలిచి, పటం అడుగున భూమధ్యరేఖకు ఇచ్చిన కొలమానంతో గుణించండి. మీ ఇంట్లో ఉన్నది పాత రకం దీర్ఘచతురస్రపు పటమైతే, గ్రీన్లాండ్ అందులో ఆఫ్రికా అంత కనిపిస్తుంటే, లెక్క 5,350 కిలోమీటర్ల దగ్గర తేలుతుంది.

ఆ రెండు నగరాల విమానాశ్రయాల మధ్య అసలు దూరం సుమారు 3,364 కిలోమీటర్లు. తేడా దాదాపు 2,000 కిలోమీటర్లు. అంటే మన హైదరాబాద్ నుంచి విమానంలో ఢిల్లీ వెళ్ళి, తిరుగు దారిలో సగం పైగా వచ్చినంత!

మీరు కొలిచింది తప్పు కాదు. పటం అచ్చు వేసినవాళ్ళు అజాగ్రత్తగా ఉన్నారనీ కాదు. ఆ పటం ఆ దూరాన్ని అలా చూపించాలనే తయారైంది. 1569లో దాన్ని గీసిన మనిషి పేరు గెరార్డస్ మెర్కేటర్. పిల్లలు రోజూ బ్యాగులో మోసే అట్లాస్‌కు ఆ పేరు పెట్టింది కూడా ఆయనే. లిస్బన్ నుంచి హెల్సింకీకి అతి దగ్గరి దారి గీసి, దాని నడిమధ్య బిందువు ఎక్కడ పడుతుందో చూస్తే అది బెల్జియంలో, మెర్కేటర్ పుట్టిన ఊరికి 50 కిలోమీటర్లలోపే ఉంటుంది. ఇది కేవలం యాదృచ్ఛికం. అయినా ఆయన కథను ఆ ఊరి నుంచే మొదలుపెడదాం.

ఆ ఊరి పేరు రూపెల్‌మొండె. ఫ్లాండర్స్ ప్రాంతంలో షెల్డ్ నది ఒడ్డున ఉంది. 1512 మార్చి 5న అక్కడ ఒక బీద కుటుంబంలో ఏడో సంతానంగా ఒక పిల్లవాడు పుట్టాడు. తండ్రి బూట్లు కుట్టేవాడు. ఇంటి పేరు క్రెమర్, వాళ్ళ భాషలో అంగడి నడిపేవాడని అర్థం. పిల్లవాడికి పద్నాలుగేళ్ళు వచ్చేసరికి తండ్రి పోయాడు, కొంతకాలానికి తల్లీ పోయింది. ఆ ఇంట్లో చదువుకు దారి చూపగలిగినవాడు ఒక్కడే, గిస్బర్ట్. వరసకు తండ్రి తరఫు బంధువు, ఆ ఊళ్ళోనే మతగురువు. ఆయనే పిల్లవాణ్ణి పెంచి, డెన్ బోస్ పట్టణంలో ఒక మత సోదర సంఘం నడిపే బడికి పంపాడు. ఆ రోజుల్లో చదువంటే లాటిన్. బడిలో ఉండగానే ఆ పిల్లవాడు తన పేరును లాటిన్‌లోకి మార్చుకున్నాడు. క్రెమర్ కాస్తా మెర్కేటర్ అయ్యింది. అర్థం మాత్రం అదే, వర్తకుడు.

1530లో అతను లువెన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. చేరేటప్పుడు రిజిస్టరులో పేరు రాసింది బీద విద్యార్థుల పట్టీలో. ఫీజు కట్టలేని పిల్లలకు ఆ విశ్వవిద్యాలయం కొన్ని సీట్లు ఉంచేది. డబ్బున్నవాళ్ళ పిల్లలూ, అతనూ ఒకే పాఠం విన్నారు, వసతి మాత్రం వేరు. రెండేళ్ళలో డిగ్రీ చేతికొచ్చింది.

ఆ తర్వాత అతను చేసిన పని చూస్తే ఏ తల్లిదండ్రులకైనా గుండె గుభేల్మంటుంది. పై చదువుకు వెళ్ళలేదు, ఉద్యోగం చూసుకోలేదు. ప్రపంచం ఎలా పుట్టిందన్న విషయంలో అరిస్టాటిల్ చెప్పినదానికీ, బైబిల్ చెప్పినదానికీ పొంతన కుదరక మనసు పాడు చేసుకుని, చదువు ఆపి ఆంట్వెర్ప్, మెఖెలెన్ ఊళ్ళవైపు వెళ్ళిపోయాడు. సుమారు రెండేళ్ళు అలా గడిచాయి. 1534లో తిరిగి వచ్చినప్పుడు తనకు కావలసిందేమిటో అతనికి తెలుసు. తత్వశాస్త్రం కాదు, లెక్కలు. అందులో తాను వెనకబడి ఉన్నానని కూడా తెలుసు.

అదృష్టం బాగుండి లువెన్‌లోనే గెమ్మా ఫ్రిసియస్ ఉన్నాడు. వయసులో మెర్కేటర్ కంటే నాలుగేళ్ళే పెద్ద. వైద్యుడు, గణితవేత్త. దూరాలను కొలవడం గురించి యూరప్‌లో అప్పటికి ఆయనకంటే స్పష్టంగా ఆలోచించినవాళ్ళు తక్కువ. రెండు ఊళ్ళ మధ్య నేల మీద తాడు పట్టుకుని నడవకుండానే దూరం ఎలా తెలుసుకోవాలో 1533లో ఆయన ఒక చిన్న పుస్తకంలో వివరించాడు. ఎత్తైన గోపురం ఎక్కి చుట్టూ కనిపించే ఊళ్ళు ఏ ఏ కోణాల్లో ఉన్నాయో రాసుకోవాలి. తర్వాత ఇంకో ఊరి గోపురం ఎక్కి అదే పని చేయాలి. ఆ రెండు గోపురాల మధ్య దూరం ఒక్కటి తెలిస్తే చాలు, మిగతా త్రిభుజాలన్నీ కాగితం మీదే తేలిపోతాయి. పదో తరగతి త్రికోణమితిలో మన పిల్లలు గుడి గోపురం ఎత్తు కనుక్కునే లెక్కలు ఈ కుటుంబానికి చెందినవే. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన మహా సర్వే ఈ పద్ధతిలోనే దక్కన్ మీదుగా, నిజాం రాజ్యంలో నుంచి ఉత్తరానికి సాగింది.

ఫ్రిసియస్ చెప్పిన ఇంకో మాట అప్పటికి కలలాంటిది. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి సరిగ్గా నడిచే గడియారం తీసుకెళ్ళగలిగితే, అక్కడి సూర్యుడి వేళకూ, గడియారంలోని వేళకూ ఉన్న తేడాను బట్టి ఆ ఊరు తూర్పుకో పడమరకో ఎన్ని డిగ్రీల దూరంలో ఉందో చెప్పవచ్చునని 1530లోనే రాశాడు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి ఈ లెక్క సులువే. కానీ సముద్రం మీద అంత నమ్మకంగా నడిచే గడియారం తయారవడానికి 200 ఏళ్ళకు పైగా పట్టింది. మెర్కేటర్ బతికినంత కాలం అదే కష్టం. ఒక ఊరు ఎంత ఉత్తరాన ఉందో ధ్రువ నక్షత్రాన్ని చూసి చెప్పగలిగేవాళ్ళు. ఎంత తూర్పున ఉందో చెప్పడానికి నావికుల అంచనాలూ, బాటసారుల మాటలే దిక్కు.

ఫ్రిసియస్ దగ్గర మెర్కేటర్ లెక్కలతో పాటు చేతి పని కూడా నేర్చుకున్నాడు. రాగి రేకు మీద ఉలితో చెక్కడం, ఇత్తడితో పరికరాలు చేయడం, గోళాలకు కాగితం అతికించడం. అక్కడి కంసాలి ఒకాయన ఆ పనిలో గురువు. 1536లో ఫ్రిసియస్ బృందం తయారుచేసిన భూగోళం మీద అక్షరాలు మెర్కేటర్ చెక్కినవే. అదే ఏడు బార్బరాతో పెళ్ళయింది. వాళ్ళకు ఆరుగురు పిల్లలు. ఇల్లు గడవడానికి ఆయన పటాలు గీశాడు, గోళాలు అమ్మాడు, చక్రవర్తి ఐదవ చార్లెస్‌కు పరికరాలు చేసి ఇచ్చాడు, అందమైన వాలు అక్షరాలు ఎలా రాయాలో 1540లో ఒక పుస్తకమే వేశాడు. చేతిరాత బాగుండాలని పిల్లల్ని మనం సతాయిస్తాం కదా, ఆ విషయంలో ఆయన మన పక్షమే.

1541లో ఆయన సొంతంగా చేసిన భూగోళం మీద అంతకు ముందు గోళాల మీద కనిపించని గీతలు ఉన్నాయి. ఓడ నడిపేవాడు దిక్సూచి చూసుకుంటూ ఎప్పుడూ ఒకే దిక్కుకు, ఉదాహరణకు సరిగ్గా ఈశాన్యానికి, వెళ్తూ ఉంటే అతని దారి గోళం మీద ఎలా ఉంటుందో ఆ గీతలు చూపిస్తాయి. అది నేరుగా ఉండదు. నత్త గుల్ల మీది చారలా మెలికలు తిరుగుతూ ధ్రువం వైపు పోతుంది. ఈ సంగతిని పోర్చుగల్ గణితవేత్త పెడ్రో నూనెష్ 1537లో ప్రచురించాడు. దాన్ని గోళం మీద కళ్ళకు కట్టించింది మెర్కేటర్. ఇక మిగిలింది ఒకటే, ఆ మెలికల గీతను బల్ల మీద పరిచే కాగితంలో నేరుగా గీయడం. దానికి మరో 28 ఏళ్ళు పట్టింది. మధ్యలో జైలు వచ్చింది.

1544 ఫిబ్రవరి. గిస్బర్ట్ చనిపోతే, ఆయన ఆస్తి వ్యవహారాలు చూడటానికి మెర్కేటర్ రూపెల్‌మొండె వెళ్ళాడు. అదే సమయంలో లువెన్‌లో మత విరోధుల పేర్లతో 43 మంది పట్టీ తయారైంది. అందులో ఈయన పేరు ఉంది. ఇంట్లో దొరకలేదు కాబట్టి పారిపోయాడని కూడా రాసుకున్నారు. తాను పుట్టిన ఊరి కోటలోనే బంధించారు. ఏడు నెలలు. నేరం ఏమిటో స్పష్టంగా చెప్పలేదు. ఉత్తరాలు రాశాడనీ, మెఖెలెన్‌లో కొందరు సన్యాసులతో సంబంధాలున్నాయనీ అనుమానం. ఇల్లు సోదా చేశారు, ఏమీ దొరకలేదు. లువెన్‌లో ఒక మతగురువూ, విశ్వవిద్యాలయం వారూ ఆయన తరఫున నిలబడ్డారు. వాళ్ళకు అది చిన్న సాహసం కాదు, ఎందుకంటే ఆ పట్టీలో ఉన్నవారిలో కొందరికి మరణశిక్ష అమలైంది. ఇంట్లో బార్బరా, చిన్న పిల్లలు. సెప్టెంబరులో ఏ నేరమూ రుజువు కాకుండానే వదిలేశారు.

దూరదేశాల సమాచారం కోసం ఉత్తరాలు రాయడమే ఆయన బతుకుదెరువు అని గుర్తుంచుకుంటే, ఈ ఘటన ఎంత దెబ్బో అర్థమవుతుంది. ఏ పని లేకపోతే ఆయన పటాలు లేవో, సరిగ్గా ఆ పనే అనుమానాలకు కారణమైంది. విడుదలయ్యాక ఆయన మళ్ళీ ఉత్తరాలు రాశాడు. కాకపోతే 1552లో కుటుంబాన్ని తీసుకుని లువెన్ వదిలేసి, జర్మనీ వైపు క్లీవ్స్ ప్రభువు పాలనలోని డ్యూస్‌బర్గ్ అనే చిన్న పట్టణానికి మారిపోయాడు. మత విషయాల్లో అక్కడ గాలి కాస్త తేలిక. ఎందుకు మారాడో ఆయన ఎక్కడా విడమరచి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు లెండి. ఆ పట్టణంలో విశ్వవిద్యాలయం వస్తుందన్నారు, ఆయన జీవితకాలంలో రాలేదు. పట్టణం వారు నడిపిన పాఠశాలలో మాత్రం 1559 నుంచి మూడేళ్ళు లెక్కలు చెప్పాడు. తర్వాత ఆ క్లాసులు కొడుకు బర్తొలొమియస్‌కు అప్పగించాడు.

ఇప్పుడు మన లిస్బన్, హెల్సింకీల దగ్గరికి వద్దాం. 1554లో మెర్కేటర్ 15 షీట్లలో యూరప్ పటం వేశాడు. హెల్సింకీ అప్పటికి నాలుగేళ్ళ ఊరు. స్వీడన్ రాజు గుస్తావ్ వాసా 1550లో దానికి పునాది వేయించాడు. అప్పటిదాకా పండితులు నమ్మిన యూరప్ పొడవు 1,400 ఏళ్ళ నాటిది. టాలెమీ లెక్క ప్రకారం మధ్యధరా సముద్రం ఈ చివర నుంచి ఆ చివరకు 62 డిగ్రీలు. అంతటి టాలెమీ చెప్పాక మార్చేదెవరు? మెర్కేటర్ తన 1541 గోళం మీద దాన్ని 58కి తగ్గించాడు. 1554 పటంలో 53కి తెచ్చాడు. ఎక్కడికీ ప్రయాణం చేయకుండా, డ్యూస్‌బర్గ్‌లో గదిలో కూర్చుని, ఒకదానితో ఒకటి పొసగని నావికుల పట్టికలూ, ప్రయాణికుల రోజువారీ లెక్కలూ పక్కపక్కన పెట్టుకుని చేసిన పని ఇది. నిజమైన పొడవు సుమారు 41 డిగ్రీలు. అంటే ఆయన చేరాల్సిన చోటికి చేరలేదు, సగం దారి కంటే తక్కువే నడిచాడు. కానీ పాత పెద్దల మాటను రెండుసార్లు తగ్గించి రాసినవాడు ఆయనే. ఆ పటం బాగా అమ్ముడుపోయింది, పేరు తెచ్చింది. 1564లో క్లీవ్స్ ప్రభువు ఆయనకు ఆస్థాన భూగోళవేత్త పదవి ఇచ్చాడు. దానికి కాస్త ముందే లొరేన్ ప్రాంతానికి సర్వే పని మీద వెళ్ళి జబ్బుపడి వచ్చాడు. ఊళ్ళు తిరగడం ఆ మనిషికి అచ్చిరాలేదు.

1569లో వచ్చింది అసలు పటం. 18 షీట్లు కలిపితే సుమారు రెండు మీటర్ల వెడల్పు, 124 సెంటీమీటర్ల ఎత్తు. నావికుల కోసమని దాని పేరులోనే ఉంది. ఆయన చేసిన ఉపాయం పిల్లలకు చెప్పడం సులువు. ఒక బత్తాయి తొక్కను తొనలుగా ఒలిచి బల్ల మీద పరిస్తే, మధ్యలో అంచులు కలుస్తాయి, పైకి వెళ్ళేకొద్దీ ఖాళీలు వస్తాయి. ఆ ఖాళీలు పూడ్చడానికి తొనలను అడ్డంగా సాగదీయాలి. హెల్సింకీ ఉన్న 60 డిగ్రీల దగ్గర భూమి చుట్టుకొలత భూమధ్యరేఖలో సగమే, కాబట్టి అక్కడ అడ్డంగా రెండింతలు సాగుతుంది. అడ్డంగా మాత్రమే సాగదీస్తే దిక్కులు చెడతాయి, ఈశాన్యం కాస్తా తూర్పు వైపు వాలిపోతుంది. అందుకని ఎక్కడ ఎంత అడ్డంగా సాగిందో, అక్కడ అంతే నిలువుగా కూడా సాగదీశాడు. దిక్కు బతికింది. గోళం మీద మెలికలు తిరిగిన ఆ గీత కాగితం మీద నిటారుగా నిలబడింది. దానికి మూల్యం దూరం. లిస్బన్ దగ్గర దూరాలు 1.28 రెట్లు, హెల్సింకీ దగ్గర 2 రెట్లు పెరిగి కనిపిస్తాయి. మన హైదరాబాద్ దగ్గర అది 5 శాతంలోపే. మొదట్లో మీ స్కేలు చెప్పిన 5,350 కిలోమీటర్లు ఇలా వచ్చినవే. లాగరిథమ్ పట్టికలు రాకముందు, కలన గణితం పుట్టకముందు ఆయన ఇదంతా చేశాడు. దీని వెనకున్న లెక్కను 1599లో ఎడ్వర్డ్ రైట్ అనే ఇంగ్లీషు గణితవేత్త వివరించేదాకా చాలామంది నావికులు ఈ పటాన్ని పట్టించుకోలేదు.

ఈ పటం దూరాల విషయంలో మోసం చేస్తుందని ఇప్పుడు చాలా చోట్ల చదువుతుంటాం. మెర్కేటర్‌కు అది తెలియదన్నట్టు రాస్తారు. అది అన్యాయం. ఆ 18 షీట్లలో ఖాళీ ఉన్నచోటల్లా ఆయన చిన్న అక్షరాలతో వివరణలు చెక్కాడు. వాటిలో ఒకటి ప్రత్యేకంగా, రెండు చోట్ల మధ్య దూరాన్ని ఈ పటం మీద ఎలా కొలవాలో చెప్పేది. ఆ తర్వాతి వందల ఏళ్ళలో ఓడల కోసం గీసిన పటం బడి గోడ ఎక్కింది, ఆ వివరణ పెట్టె ఎక్కడో రాలిపోయింది. గ్రీన్లాండ్ వైశాల్యం 21.66 లక్షల చదరపు కిలోమీటర్లు, భారతదేశం 32.87 లక్షలు. గోడ మీద చూసిన పిల్లవాడు తిరగేసి చెప్తే తప్పు వాడిది కాదు, మెర్కేటర్‌ది అంతకన్నా కాదు.

ఈ ఆదివారం పిల్లలతో కలిసి ఆయన పద్ధతిలోనే దూరం కొలిచి చూడండి. దిక్కు నమ్మదగినది కాబట్టి దిక్కుతో మొదలుపెట్టాలి. పటం మీద లిస్బన్ విమానాశ్రయం నుంచి హెల్సింకీ విమానాశ్రయానికి గీత గీసి కోణమానిని పెడితే, నిలువు గీత నుంచి 45 డిగ్రీలు. సరిగ్గా ఈశాన్యం! లిస్బన్ అక్షాంశం 38.77, హెల్సింకీది 60.32. తేడా 21.55 డిగ్రీలు. ఒక్కో డిగ్రీకి నేల మీద సుమారు 111 కిలోమీటర్లు, అంటే ఉత్తరానికి వెళ్ళాల్సింది 2,390 కిలోమీటర్ల చిల్లర. 45 డిగ్రీల కోణంలో వెళ్ళేవాడికి అది త్రిభుజంలో ఒక భుజం, కర్ణం కావాలంటే 1.414తో గుణించాలి. జవాబు సుమారు 3,390. పటం సాగతీత మొత్తం ఈ లెక్కలో మాయమైపోయింది. తొమ్మిదో తరగతి పిల్లలకు ఇది అయిదు నిమిషాల పని.

మరి 3,364 ఎక్కడిది? అది దిక్సూచి దారి కాదు, అతి దగ్గరి దారి. గ్లోబు మీద రెండు ఊళ్ళ మధ్య దారం బిగించి లాగండి, అదే ఆ దారి. విమానం ఈ దారిలో లిస్బన్ నుంచి బయలుదేరేటప్పుడు ఈశాన్యం కంటే ఉత్తరానికి ఎక్కువ మొగ్గి, 33 డిగ్రీల దిక్కున వెళ్తుంది. మెల్లగా తూర్పుకు తిరుగుతూ, హెల్సింకీ చేరేసరికి 60 డిగ్రీల దిక్కున ఉంటుంది. దిక్సూచి దారి మధ్యలో లక్సెంబర్గ్ మీదుగా పోతే, దగ్గరి దారి దానికి దాదాపు 200 కిలోమీటర్లు వాయవ్యంగా, బ్రస్సెల్స్ పరిసరాల మీదుగా పోతుంది. ఆదా అయ్యేది 30 కిలోమీటర్లు. ఇంత తక్కువ లాభం కోసం ఓడవాడు గంటగంటకూ దిక్కు మార్చుకోలేడు, మెర్కేటర్ కాలంలో అయితే అసలే కాదు. ఈ రోజు కంప్యూటరు ఆ పని చేస్తుంది. నిజానికి గాలులను, విమాన మార్గాల నియమాలను బట్టి ఏ రోజు దారి ఆ రోజుదే.

గంటకు సుమారు 850 కిలోమీటర్ల వేగంతో నాలుగు గంటలు గాలిలో. ఎక్కడం, దిగడం, రన్‌వే దాకా నడిపించడం కలుపుకుంటే నాలుగున్నర గంటలకు అటూ ఇటూ. తిరుగు ప్రయాణం పడమటి గాలులకు ఎదురు కాబట్టి సాధారణంగా ఇంకాస్త ఎక్కువ, దాదాపు అయిదు గంటలు. కానీ టికెట్ చూస్తే తలకిందులుగా ఉంటుంది. లిస్బన్‌లో పొద్దున పదింటికి ఎక్కితే హెల్సింకీలో దిగేది సాయంత్రం నాలుగున్నరకు, ఆరున్నర గంటలు పట్టినట్టు కనిపిస్తుంది. హెల్సింకీలో పదింటికి ఎక్కితే లిస్బన్‌లో మధ్యాహ్నం ఒంటిగంటకే దిగుతారు, మూడు గంటలే అనిపిస్తుంది. రెండు నగరాల గడియారాలకు రెండు గంటల తేడా. సూర్యుణ్ణి అడిగితే తేడా 2 గంటల 16 నిమిషాలు, ఎందుకంటే రేఖాంశాల మధ్య దూరం 34 డిగ్రీలు. గురువు ఫ్రిసియస్ 1530లో కోరుకున్న గడియారం ఇప్పుడు ప్రతి ప్రయాణికుడి జేబులో, ఫోనులో ఉంది. అదే ఫోనులో మనం క్యాబ్ బుక్ చేసుకునే మ్యాప్ కూడా చాలావరకు మెర్కేటర్ పద్ధతినే వాడుతుంది. వీధి మలుపులో లంబకోణం లంబకోణంగానే కనిపించాలంటే ఆ పద్ధతి ఇప్పటికీ పనికొస్తోంది.

ముసలితనంలో మెర్కేటర్‌కు వరసగా దెబ్బలు తగిలాయి. లెక్కలు చెప్పిన కొడుకు బర్తొలొమియస్ 1568లోనే పోయాడు. 1586లో బార్బరా, మరుసటి ఏడు పటాల పనిలో చేదోడుగా ఉన్న పెద్ద కొడుకు ఆర్నాల్డ్ పోయారు. అయినా ఆయన ఒక పెద్ద పని పెట్టుకున్నాడు. ప్రపంచ దేశాల పటాలన్నీ ఒకే పద్ధతిలో గీసి, ఒకే పుస్తకంగా కుట్టాలని. 1585లో ఒక భాగం, 1589లో ఇంకో భాగం వచ్చాయి. 1590లో పక్షవాతం వచ్చి ఎడమ వైపు పడిపోయింది, కొంతకాలం మాట కూడా పోయింది. మళ్ళీ కొద్దికొద్దిగా పని మొదలుపెట్టాడు. ఆ పుస్తకానికి అట్లాస్ అని పేరు పెట్టాడు. ఆకాశాన్ని భుజాల మీద మోసే గ్రీకు పురాణ వీరుడి పేరని చాలామంది అనుకుంటారు. ఆయన మనసులో ఉన్నది మాత్రం మారిటేనియా రాజు అట్లాస్, మొదటి గోళం చేశాడని చెప్పుకునే పండిత రాజు.

1594 డిసెంబరు 2న, 82 ఏళ్ళ వయసులో మెర్కేటర్ డ్యూస్‌బర్గ్‌లో కన్నుమూశాడు. మరుసటి ఏడాది కొడుకు రుమోల్డ్ అట్లాస్‌ను అచ్చు వేయించాడు. స్వీడన్, నార్వే వంటి ఉత్తర దేశాల పటాలు అందులో ఉన్నాయి, అప్పట్లో ఫిన్లాండ్ స్వీడన్ రాజ్యంలో భాగం. యూరప్ రెండో చివరన ఉన్న స్పెయిన్, పోర్చుగల్ పటాలు మాత్రం లేవు. తండ్రి వాటిని పూర్తి చేయలేకపోయాడు, కొడుకులూ మనవలూ చేయలేదు. మెర్కేటర్ చెక్కిన రాగి రేకులను తర్వాత యోడోకస్ హోండియస్ అనే ఆమ్‌స్టర్‌డామ్ పటకారుడు కొన్నాడు. 1606లో ఆయన వేసిన కూర్పులో స్పెయిన్, పోర్చుగల్ పటాలు చేరాయి, వాటితో పాటు లిస్బన్ కూడా.